బాబాయ్ చలవ

నడి ఎండాకాలంలో స్వెట్టరు వేసుకుని ఉద్యోగం చేసే మనిషి ఆ వీధి మొత్తం మీద ఆమె ఒక్కతే. వంకాయరంగు ఊలు స్వెట్టరు, అత్తగారు అల్లింది. ఒక చెయ్యి రెండోదానికన్నా కాస్త పొడుగు. అదేమని అడిగితే "కొలత తీసేటప్పుడు నువ్వే వంకరగా నిలబడ్డావు" అనేది అత్తగారు. అందుకని ఆమె పొడుగు చేతిని ఒక మడత పైకి మడిచి, పొట్టి చేతిని కిందికి లాక్కుని, వెనకవైపు అద్దాల గదిలో కూర్చుని వేడిని కొలిచేది.

పాత కంప్యూటర్లు కొని, దులిపి, బాగుచేసి అమ్మే షెడ్డు అది. ముందు గదిలో దులపడం, మధ్య గదిలో విప్పి బిగించడం, అద్దాల గదిలో పరీక్ష. కంప్యూటర్ లోపల ప్రాసెసర్ అని అరచేతిలో ఇమిడిపోయే బిళ్ల ఒకటి ఉంటుంది. లెక్కలన్నీ చేసేది అదే, వేడెక్కేదీ అదే. ఆమె ఆ బిళ్ల చేత గంటసేపు పనికిమాలిన లెక్కలు ఊపిరి తిప్పుకోనివ్వకుండా చేయిస్తుంది. తెర మీద ఎర్రగీత పైకి పాకుతుంది. ఎనభై డిగ్రీలు దాటకపోతే పాసు. దాటితే తీగలు తగిలించిన పరీక్ష మిషన్ కీకీమంటుంది, పెట్టె మళ్లీ మధ్య గదికి. పాసైన పెట్టె మీద ఆకుపచ్చ స్టిక్కరు అంటించి సంతకం పెడుతుంది. తెర చూడకముందే పెట్టె వెనక గాలి వచ్చే చోట అరచెయ్యి ఆనించి "డెబ్బై నాలుగు" అంటే, తెర మీద డెబ్బై నాలుగో డెబ్బై అయిదో ఉండేది. షెడ్డులో అందరూ ఆమెను థర్మామీటర్ అంటారు. అసలు పేరు ఆమెకైనా గుర్తుందో లేదో అని వెక్కిరిస్తుంటారు.

ఆ రోజు పొద్దున ఆమె వచ్చేసరికి బల్ల మీద మూడు కంప్యూటర్లు అత్తారింట్లో అలిగొచ్చిన ఆడపిల్లల్లా గోడవైపు తిరిగి కూర్చున్నాయి. మూడింటి మీదా ఆమె స్టిక్కరే. కొత్తగా కంప్యూటర్ గది పెట్టుకున్న ఒక స్కూలుకి నలభై పంపారు. అందులోవి ఇవి.

"పాఠం మధ్యలో టప్పున ఆగిపోతున్నాయట," అన్నాడు ఓనరు. "ఒకటీ రెండూ కాదు. మచ్చుకి ఈ మూడూ తెచ్చాడు డ్రైవరు."

ఆమె స్టిక్కర్ల మీది సంతకాలు ఒకసారి చూసుకుంది. "పెట్టి చూస్తాను సార్" అని మూడింటికీ తీగలు తగిలించి పరీక్ష మొదలుపెట్టింది. ఓనరు కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాడు. ఆయన చెడ్డమనిషేం కాదు. మిషన్లంటే ప్రాణం. మనుషులంటే పడదని కాదు, గుర్తుండరు, అంతే. ఎర్రగీతలు మూడూ పైకి పాకి పాకి, డెబ్బై అయిదు దగ్గర కాళ్లు చాపుకుని పడుకున్నాయి. గంట గడిచినా ఒక్కటీ ఆగలేదు.

"చూశావా, నీ దగ్గర నిక్షేపంలా నడుస్తున్నాయి," అన్నాడు ఓనరు. "నీ తప్పేం లేదు. ఇక్కణ్ణుంచి అక్కడికి వెళ్లేలోపు ఏదో అవుతోంది. వ్యాను కుదుపులకి లోపల ఏదో విడిపోతోంది. విడిపోవడానికి ఏముంది, పేస్టే."

నీ తప్పేం లేదన్న మాట వినగానే ఆమెకు ఎంత హాయిగా అనిపించిందంటే, మరి తప్పెవరిదని ఆలోచించడానికి ఒక క్షణం పట్టింది. పేస్టు పెట్టేది బాబాయ్.

ప్రాసెసర్ బిళ్ల మీద అల్యూమినియం రెక్కల దిమ్మ ఒకటి కూర్చుంటుంది. బిళ్లలోని వేడిని దిమ్మ పీల్చుకుంటుంది. దిమ్మ మీదున్న చిన్న ఫ్యాను ఆ వేడిని బయటికి ఊదేస్తుంది. బిళ్లకీ దిమ్మకీ మధ్య సందు మిగలకుండా బూడిదరంగు ముద్ద కాస్త పెట్టాలి. అదే పేస్టు. ఎక్కువైతే పక్కలకు కారుతుంది, తక్కువైతే సందు మిగులుతుంది. బాబాయ్ కొలిచినట్టు బియ్యపు గింజంత పెడతాడు. షెడ్డు పెట్టినప్పటినుంచీ ఆయనే పెడుతున్నాడు. అక్కడ ఎవరికీ చిన్నాన్న కాడు, అందరికీ బాబాయే.

"బాబాయ్, ఒకసారి ఇటు రా," అని కేకేశాడు ఓనరు. బాబాయ్ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుంటూ వచ్చాడు. "చెయ్యి చాపు."

బాబాయ్ కుడిచెయ్యి చాపాడు. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి.

"ఎన్నాళ్లనుంచి ఇలా?"

"వయసు కదా బాబూ. పేస్టు పెట్టేటప్పుడు వణకదు."

"పెట్టేటప్పుడు ఏమవుతోందో స్కూలువాళ్లు చెబుతూనే ఉన్నారుగా," అన్నాడు ఓనరు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. "నిన్ను పొమ్మనడం లేదు బాబాయ్. సోమవారం నుంచి ప్యాకింగ్‌లో కూర్చో. అట్టపెట్టెలు మడిచి టేపు వేస్తే చాలు, నీడపట్టున పని. పేస్టు సంగతి, పెట్టెలు బిగించేవాళ్లే చూసుకుంటారు."

బాబాయ్ కళ్లద్దాలు కిందికి దించుకున్నాడు. అవసరం లేకపోయినా మళ్లీ పైకి తోసుకున్నాడు. "అలాగే బాబూ" అన్నాడు.

పెట్టేటప్పుడు వణకదన్న మాట నిజమని ఆమెకు తెలుసు. పేస్టు గొట్టం మొన లోహాన్ని తాకేదాకానే ఆ వణుకు. తాకాక ఆ చెయ్యి గోడకు దిగ్గొట్టిన మేకు. పక్కన నిలబడి ఎన్నోసార్లు చూసింది. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచింది కూడా. కానీ పేస్టు కాకపోతే మరేమిటని అడుగుతాడు ఓనరు. పేస్టు కాకపోతే ఇక మిగిలేది పరీక్ష. తెరిచిన నోరు మూసుకుంది.

ఓనరు చొక్కా చేతులు పైకి మడిచాడు. "ఎలా పెట్టాలో చూడండి" అని ఒక కంప్యూటర్ విప్పి, పాత పేస్టు గుడ్డతో తుడిచి, కొత్తది తన చేత్తో పెట్టాడు. షెడ్డు మొదలెట్టిన రోజుల్లో ఆయనా ఈ పని చేసినవాడే. మిగతా రెండూ బాబాయ్ చేత తన కళ్లెదుట పెట్టించాడు. బాబాయ్ పేస్టు పెట్టి, దిమ్మను కూర్చోబెట్టి, స్క్రూలు బిగించాడు. ఒక మూల కొంచెం, దానికి ఎదుటి మూల కొంచెం, మళ్లీ ఇటు, మళ్లీ అటు. ఒకేసారి ఒకవైపు బిగిస్తే దిమ్మ ఒరుగుతుందని పక్కవాళ్లకి రోజూ చెప్పేవాడు. ఆ రోజు ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆమె మూడింటినీ మళ్లీ పరీక్ష చేసింది. మళ్లీ డెబ్బై అయిదే.

"రేపు వ్యాన్‌లో నువ్వే పట్టుకెళ్లి, ఆ టీచరమ్మ ముందు నడిపి చూపించు," అన్నాడు ఓనరు. "కళ్లతో చూస్తేగాని నమ్మే మనిషిలా లేదు."

సాయంత్రం ఆమె వెళ్లబోతుంటే బాబాయ్ తన పేస్టు గొట్టాలన్నిటికీ మూతలు బిగించి, పెద్దవి ఒకవైపు, చిన్నవి ఒకవైపు సొరుగులో పేరుస్తున్నాడు. రోజూ అవి బల్ల మీద ఎక్కడపడితే అక్కడ దొర్లుతుండేవి.

"వెళ్లొస్తా బాబాయ్."

"చల్లగదిలోంచి ఒక్కసారిగా ఎండలోకి పోకమ్మాయ్. గడపలో కాసేపు నిలబడి పో," అన్నాడు బాబాయ్. రోజూ అనే మాటే అది. ఈ రోజు అనడేమో అనుకుంది. అన్నాడు. ఆమె గడపలో కాసేపు నిలబడి వెళ్లింది.

*

ఇంట్లో అత్తగారు మనవడికి అన్నం తినిపిస్తోంది. తినిపించడమంటే, వాడు మంచం కిందికి దూరితే ఈవిడ కంచం పట్టుకుని నేల మీద బోర్లా పడుకోవడం. ఆ భంగిమలోంచే కోడలి మొహం చూసింది.

"ఎవరేమన్నారే నిన్ను?"

"నన్నేం అనలేదు అత్తయ్యా. బాబాయ్‌ని అన్నారు."

"ఆయన్ని అంటే నీ మొహమెందుకలా వాడిపోయింది?"

ఆమె చెప్పింది. స్వెట్టరు తీసి కొక్కేనికి తగిలిస్తూ, వీపు అటే ఉంచి, మొత్తం చెప్పింది. అత్తగారు ముద్ద చేతిలోనే పట్టుకుని వింది. మంచం కింద పిల్లవాడు నోరు తెరుచుకుని ఎదురుచూశాడు.

"ఆ బాబాయేనా? వీడు కడుపులో ఉన్నప్పుడు నువ్వు ఆ గదిలో కళ్లు తిరిగి పడితే, ఇంటిదాకా తెచ్చి దిగబెట్టి మంచినీళ్లైనా తాగకుండా పోయినాయన?"

"ఆయనే."

"ఆ తర్వాతే కదూ మీ గదికి ఏసీ వచ్చింది?"

"ఆఁ. బాబాయే ఓనరుతో మాట్లాడి పెట్టించాడు."

"అదిగో. ఆ ఎండల్లో ఆ ఏసీయే లేకపోతే నీ గతేమయ్యేది, వీడి గతేమయ్యేది? ఇవాళ వీడు మంచం కింద దూరి నా నడుం విరగ్గొడుతున్నాడంటే అంతా ఆయన చలవే. అలాంటి మనిషిని నలుగురిలో చెయ్యి చాపమంటే నువ్వు బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డావా?"

"ఏం చెప్పమంటారు? నేను నోరు విప్పితే అది నా మీదికొస్తుంది."

"నీ మీదికి రావలసిందేనా, కాదా? ముందు అది చెప్పు."

"తెలీదు," అంది ఆమె. నిజంగానే తెలీదు. అదే ఆమెను తినేస్తోంది.

"తెలీకపోతే తెలుసుకో. తలనొప్పికి తలగడ మారిస్తే పోతుందా?" అని అత్తగారు చేతిలో ఆరిపోయిన ముద్దను తనే తినేసి, మనవడికి ఇంకొకటి కలిపింది.

*

మర్నాడు ఆమె అద్దాల గదిలో మూడు పెట్టెలకూ గుడ్డలు చుట్టి వ్యాను ఎక్కించింది. డ్రైవరు తొందరపెడుతుంటే రెండు పెట్టెలు వెనక పెట్టించి, ఒకటి ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. ఓనరు పేస్టు పెట్టిన పెట్టె అది. గుర్తు కోసం పక్కన సుద్దముక్కతో ఒక చుక్క పెట్టుకుంది. దారి పొడుగునా కిటికీలోంచి పొయ్యి ఊదినట్టు గాలి కొడుతూనే ఉంది. రెండు చేతులా పెట్టెను పట్టుకుని, గుంత వచ్చినప్పుడల్లా కాస్త పైకెత్తి, పసిపిల్లను తీసుకెళ్లినట్టు తీసుకెళ్లింది. కుదుపుల వల్లనే అయితే ఈ ఒక్కటైనా నిలబడాలి.

స్కూల్లో కంప్యూటర్ గది మేడమీద ఉంది. పైన రేకుల కప్పు. తెరల మీద వెలుతురు పడుతుందని కిటికీలు మూసి నల్లగుడ్డ కట్టారు. రెండు ఫ్యాన్లు. అందులో ఒకటి తిరిగితే కీచుమంటుంది. పాఠం వినపడదని దాన్ని ఆపేశారు. వరసగా కంప్యూటర్లు, ఒక్కొక్కదాని ముందు ఇద్దరేసి పిల్లలు. టీచరమ్మ నోటుపుస్తకంతో విసురుకుంటూ ఎదురొచ్చింది. సన్నగా, కచ్చితంగా ఉండే మనిషి. ఆమెను ఎగాదిగా చూసింది, ఏదో అనబోయి ఆగిపోయింది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు.

"ఇవిగోనండీ. మళ్లీ పేస్టు పెట్టి బాగుచేశాం. మీ ముందే నడుపుతాను," అంది ఆమె.

మూడూ బల్ల మీద పెట్టి పరీక్ష మొదలుపెట్టింది. ఎర్రగీతలు బయలుదేరాయి. కాసేపటికి అలవాటు కొద్దీ, తెర చూడకుండా చుక్క పెట్టిన పెట్టె వెనక అరచెయ్యి ఆనించింది. "డెబ్బై ఆరు," అంది టీచరమ్మతో, కాస్త గర్వంగానే. తెర చూస్తే తొంభై ఒకటి.

చెయ్యి తీసి మళ్లీ పెట్టింది. గాలి వేడిగానే ఉంది, కానీ గదిలో గాలీ వేడిగానే ఉంది. రెండింటికీ ఉన్న తేడా ఆమె చేతికి రోజూ తెలిసే తేడానే. ఇన్నేళ్లూ అరచెయ్యి చెబుతున్నది వేడి కాదు, తేడా. తొంభై నాలుగు. తొంభై ఏడు. చుక్క పెట్టిన పెట్టె టప్పున ఆగిపోయింది. పిల్లలు "ఓ" అని అరిచారు, సినిమాలో విలన్ పడ్డప్పుడు అరిచినట్టు. కొంచెం వెనకాముందుగా మిగతా రెండూ ఆగాయి.

"చూశారా?" అంది టీచరమ్మ. "మేం చెబితే మీవాళ్లు నమ్మరు. పిల్లలు ఏదో నొక్కేశారంటారు."

"మా దగ్గర గంటసేపు నడిచాయండీ. నేనే చూశాను. ఒట్టు."

"ఉండచ్చు. ఒక్కమాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. వచ్చినప్పటినుంచీ అడుగుదామనే అనుకుంటున్నాను. మీకు జ్వరమా?"

"లేదండీ. ఏం?"

"మరి ఆ స్వెట్టరేంటి?"

ఆమె తల వంచి చూసుకుంది. వంకాయరంగు ఊలు, మెడ చుట్టూ చెమటకు నల్లబడి ఉంది. తొందరలో విప్పడం మరిచిపోయింది. "మా పరీక్ష గదిలో బాగా చలండీ, అందుకని..." అంది.

అని, ఆ మాట తనే విని, అలాగే నిలబడిపోయింది. ప్రాసెసర్లు వేడెక్కుతాయో లేదో చూసే గదిలో చలి. చూసే మనిషి ఒంటి మీద స్వెట్టరు. రెండు ఎండాకాలాలు. ఎనభై దాటకూడదన్న హద్దు ఏసీ రాకముందు ఓనరు గీసింది. అప్పుడా గది ఈ గదిలాగే ఉడికిపోయేది. అక్కడ ఎనభైలో నిలబడ్డది ఎక్కడైనా నిలబడేది. ఏసీ వచ్చాక హద్దు అక్కడే ఉండిపోయింది, గది మాత్రం చల్లబడింది. ఇన్నాళ్లూ కొన్నవన్నీ ఏసీ ఆఫీసులు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. పేస్టు ఏం చేస్తుంది పాపం. గుమ్మం దాకా తీసుకొస్తుంది వేడిని. బయట కూడా అంతే వేడి ఉంటే అది పోయేదెక్కడికి?

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. స్వెట్టరు విప్పి చంకలో పెట్టుకుంది. "వీటి తప్పు కాదండీ. పేస్టు తప్పూ కాదు," అంది. "మళ్లీ వస్తాం. నలభైనీ బాగుచేసే వెళ్తాం." ఎవరినీ అడక్కుండానే మాటిచ్చేసింది.

*

ఆమె తిరిగొచ్చేసరికి ఓనరు ఇంటికి వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున్నే, బాబాయ్ తప్ప ఇంకా ఎవరూ రాకముందు, ఆయన బల్ల దగ్గరికి వెళ్లి అంతా చెప్పింది. ఆయన స్క్రూడ్రైవర్ కింద పెట్టి విన్నాడు. ఓనరు పేస్టు పెట్టిన పెట్టే ముందు ఆగిందన్న దగ్గర ఆయన మొహం విచ్చుకుంది.

"అంటే నా చెయ్యి బాగానే ఉందన్నమాట."

"నీ చేతికేం బాబాయ్. బాగా లేనిది నా బుర్రే. ఆయన రాగానే చెబుతాను."

ఆ విచ్చుకున్న మొహం నెమ్మదిగా ముడుచుకుంది. బాబాయ్ లేచి, గుమ్మం దాకా వెళ్లి చూసి, తిరిగొచ్చి కూర్చున్నాడు.

"చెప్పకమ్మాయ్."

"అదేంటి?"

"ఆ ఏసీ నేను ఏమని చెప్పి పెట్టించానో తెలుసా నీకు?" గొంతు తగ్గించాడు. "ముందు ఉన్నదున్నట్టే అడిగాను. ఆ పిల్ల వట్టి మనిషి కాదు, ఒకసారి పడిపోయింది కూడా, గదికి ఏసీ పెట్టించండి బాబూ అన్నాను. చూద్దాం బాబాయ్ అన్నాడు. ఆయన చూద్దాం అంటే ఏంటో నీకు తెలుసుగా. రోజూ నిన్ను చూస్తే నాకు గుండెల్లో దడ. కొన్నాళ్లాగి వెళ్లి, బాబూ, ఈ వేడికి పరీక్ష మిషన్లు పాడైపోతాయి, వాటికి చల్లగా ఉండాలి అన్నాను. మర్నాడే వచ్చింది."

ఆమె తల తిప్పి అద్దాల గదిలోని ఏసీ వైపు చూసింది.

"ఇప్పుడు నువ్వెళ్లి ఇదంతా ఏసీ వల్ల అంటే, ఆ ఏసీ ఎవరి వల్ల అంటాడు. పేస్టు సరిగ్గా పెట్టలేదంటే అది ముసలితనం. ఇది అబద్ధం. ముసలితనానికైతే ప్యాకింగ్. అబద్ధానికి బయటికే." నవ్వబోయాడు. "మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే. పోనీలే. అట్టపెట్టెలు మడవడం ఎంతసేపమ్మా."

అట్టపెట్టెల మాట అంటున్నాడు గాని, చేతిలోకి ఎప్పుడు తీసుకున్నాడో, పేస్టు గొట్టం పిడికిట్లో ఉంది. ఆ పిడికిలి వణకడం లేదు.

ఆమె అద్దాల గదిలోకి వెళ్లి కూర్చుంది. ఏసీ హాయిగా ఊదుతోంది. చెబితే బాబాయ్ అబద్ధం బయటపడుతుంది, చెప్పకపోతే బాబాయ్ బల్ల పోతుంది. పైగా ఆ స్కూల్లో పిల్లలు "ఓ" అని అరుస్తూనే ఉంటారు, తన స్టిక్కర్లు వెళుతూనే ఉంటాయి. స్వెట్టరు తీసి వేసుకోబోయి కుర్చీ వీపున తగిలించింది. చలికి చేతుల మీద రోమాలు లేచాయి. కాసేపు వాటినే చూస్తూ కూర్చుని, లేచి ఏసీ ఆపేసింది. కిటికీలు బార్లా తీసింది. ఆ రోజు పాసవ్వాల్సిన కంప్యూటర్లన్నీ బల్ల మీద వరసగా పెట్టి పరీక్ష మొదలుపెట్టింది.

కప్పు మీదికి ఎండ ఎక్కేకొద్దీ గీతలూ ఎక్కాయి. ఎనభై దాటినవి ఒకదాని తర్వాత ఒకటి కీకీమనడం మొదలుపెట్టాయి. ఆ గదిలోంచి అన్ని కేకలు ఎన్నడూ రాలేదు. ఓనరు పరుగున వచ్చాడు.

"ఏసీ ఏమైంది? పాడైందా?"

"నేనే ఆపాను సార్."

"ఎందుకు? మిషన్లేం కావాలి?"

"నిన్న స్కూల్లో మూడూ ఆగిపోయాయి సార్. మీరు పేస్టు పెట్టిందే ముందు ఆగింది."

ఓనరు ఏదో అనబోయి, తెరల వైపు చూశాడు. ఒక్కొక్క గీత దగ్గరా ఆగి, చూసి, వెనకాల చెయ్యి పెట్టి, నిటారుగా నిలబడ్డాడు. మిషన్ల సంగతి ఆయనకు రెండోసారి చెప్పక్కర్లేదు.

"రెండేళ్లుగా ఇలాగే పాస్ చేస్తున్నామా?"

"చేస్తున్నాను సార్. సంతకాలు నావి. చలిలో స్వెట్టరు వేసుకుని కూర్చుని వేడి పరీక్ష చేశాను. తప్పు నాది. బాబాయ్ పేస్టుది కాదు."

ఓనరు రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "కాని మిషన్లకి చల్లగా ఉండాలని నాతో అన్నది..." అంటూ మధ్య గది వైపు తిరిగాడు.

"నేనే అలా చెప్పించాను సార్. నాకు వేడి పడడం లేదని," అంది ఆమె. అబద్ధం ఇంత తేలిగ్గా వస్తుందని ఆమెకూ తెలీదు.

"ఆ అమ్మాయికి ఏమీ తెలీదు బాబూ." గుమ్మంలో బాబాయ్ నిలబడి ఉన్నాడు. కళ్లద్దాలు చేతిలో ఉన్నాయి. "నేనే అన్నాను. మిషన్లకి అక్కర్లేదని తెలిసే అన్నాను."

ఓనరు రుమాలు జేబులో పెట్టుకున్నాడు. "నా దగ్గర అబద్ధమెందుకు బాబాయ్? ఒంట్లో బాగోని మనిషి కోసం అంటే పెట్టించనా?"

"అడిగాను బాబూ," అన్నాడు బాబాయ్ మెల్లగా. "ముందు ఈ అమ్మాయి కోసమే అడిగాను. మీరప్పుడు ఏదో పెట్టె విప్పుతున్నారు. చూద్దామన్నారు."

"ఎప్పుడు?"

బాబాయ్ ఆమె కుర్చీ వైపు చూశాడు. గదిలో కంప్యూటర్ల ఫ్యాన్లు రొప్పుతున్నాయి. ఓనరు ఆగిపోయిన ఏసీని చూశాడు. కుర్చీకి తగిలించిన స్వెట్టరును చూశాడు. ఆమెను కూడా చూశాడు, ఆ గదిలో ఒక మనిషి కూర్చుంటుందని అప్పుడే ఎవరో చెప్పినట్టు.

"నాకు గుర్తులేదు," అన్నాడు చివరికి. తప్పించుకోవడానికి అన్నమాట కాదు, నిజంగానే గుర్తులేదు. అందుకే అది అందరికీ గట్టిగా తగిలింది, ఆయనకూ తగిలింది.

కీకీమంటున్న ఒక పెట్టెను తనే ఆపాడు. "నలభైటికీ పెద్ద దిమ్మలు వెయ్యాలి. దిమ్మ మారిస్తే పేస్టు మళ్లీ పెట్టాలి." బాబాయ్ వైపు చూడకుండానే అన్నాడు. "సోమవారం పొద్దున్నే నీ గొట్టాలు సర్దుకుని వ్యాను దగ్గరికి రా బాబాయ్. నువ్వూ నేనూ వెళదాం. ప్యాకింగ్‌కి నేను ఇంకెవర్నైనా చూసుకుంటాను."

"అలాగే బాబూ," అన్నాడు బాబాయ్. మొన్న అన్న మాటే. ఇవాళ అది వేరే మాటలా వినిపించింది.

"పరీక్ష ఇక ఏసీ లేకుండానే చెయ్యాలి," అన్నాడు ఓనరు ఆమెతో.

"అవును సార్."

"మరి ఈ ఎండకి నువ్వు..." అని ఆగాడు. చూద్దాం అన్న మాట ఆయన పెదవుల దాకా వచ్చింది. వచ్చినట్టు ముగ్గురికీ తెలిసింది. దాన్ని మింగేసి బయటికి వెళ్లిపోయాడు.

*

సోమవారం బాబాయ్, ఓనరు స్కూలు నుంచి తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఇద్దరి చేతులకూ పేస్టు. అద్దాల గది ఉడికిపోతోంది. ఆమె జుట్టు ముడివేసి, మెడ మీద తడిగుడ్డ వేసుకుని కూర్చుంది. స్వెట్టరు ఇంట్లోనే ఉంది. మనవడికి చిన్నది అల్లుతానని అత్తగారు దాన్ని అప్పుడే విప్పడం మొదలుపెట్టింది, పొడుగు చేతి దగ్గర్నుంచి.

బాబాయ్ ఒక టేబుల్ ఫ్యాను మోసుకుంటూ లోపలికొచ్చాడు. ఎక్కడిదో పాతది, ఒక రెక్క అంచు విరిగి ఉంది.

"అయ్యో వద్దు బాబాయ్," అంది ఆమె. "ఆ గాలి వీటికి తగిలిందంటే కథ మళ్లీ మొదటికొస్తుంది."

బాబాయ్ ఫ్యాను కింద పెట్టాడు. చేతులు తుడుచుకునే పల్చటి కాగితం ఒకటి చించి, సన్నటి పీలికలు చేశాడు. ఒక్కొక్క కంప్యూటర్ ముందూ, వెనకా, టేపు ముక్కతో ఒక్కొక్క పీలిక వేలాడదీశాడు. టేపు అంటించేదాకా వేళ్లు వణికాయి, అంటించేటప్పుడు వణకలేదు. తర్వాత ఫ్యానును ఆమె కుర్చీ పక్క మూలన స్టూలు మీద పెట్టి తిప్పాడు. పీలికలు ఎగిరాయి. ఫ్యాను మెడ కాస్త ఇటు వంచాడు. రెండు పీలికలు ఆగాయి. స్టూలు వెనక్కి జరిపాడు, కిందికి వంచాడు, ఒక అట్టముక్క తెచ్చి బల్ల అంచున అడ్డం నిలబెట్టాడు. ఇంకొకటి ఆగింది. చివరి పీలిక మొండికేసింది. కళ్లద్దాలు పైకి తోసుకుని, ఒక కన్ను మూసి, ఫ్యానును గోరంత జరిపాడు. అదీ ఆగింది.

పీలికలన్నీ కదలకుండా వేలాడుతున్నాయి. ఆమె నుదుటి మీద ముంగురులు ఎగురుతున్నాయి.

"చూశావా? సెగ వాటికి. చలవ నీకు," అన్నాడు బాబాయ్. "ఈసారి ఎవరైనా అడిగితే ఉన్నదున్నట్టు చెప్పు."

ఆమెకు కళ్లు చెమర్చాయి. ఆ గాలికి అవి వెంటనే ఆరిపోయాయి కూడా. ఒక పెట్టె వెనక చెయ్యి ఆనించి ఏదో అంకె అనబోయి, అనకుండా తెర చూసింది. డెబ్బై ఎనిమిది. స్టిక్కరు తీసి సంతకం పెట్టింది.

ఓనరు లోపలికొచ్చి గది మధ్యలో నిలబడ్డాడు. వేలాడుతున్న కాగితం పీలికల్ని ఒక్కొక్కటే చూశాడు, వంగి అట్టముక్కను చూశాడు, ఫ్యానును చూశాడు.

"ఇదెవరికి?" అన్నాడు.

"నాకు సార్," అంది ఆమె.

ఓనరు తల ఊపాడు. అప్పుడు గమనించాడు, ఫ్యాను గాలికి తనే అడ్డంగా నిలబడ్డాడని. పక్కకి జరిగాడు.